మూత వేసిన బావి

"...గాలి పట్టింది, గాలి పట్టింది అని వారం నుంచీ అదే పాట! ఊళ్లో ఇన్ని ఇళ్లుండగా ఆ గాలికి మన పైపే దొరికిందా?"

"దొరక్క చస్తుందా? బకెట్టెత్తి ఒకేసారి గుమ్మరిస్తే లోపలి గాలి బయటికెలా వస్తుంది? చెంబుతో నెమ్మదిగా పోయాలని ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"చెంబుతో పోస్తూ కూర్చుంటే పొద్దు వాలిపోతుంది. అరవై దుప్పట్లు తొట్లలో నానుతున్నాయి అక్కడ."

"నీ దుప్పట్ల సంగతి మోటారుకి తెలుస్తుందేంటి?"

"మోటారు సంగతి నీకు తెలిస్తే కదా!"

గోడ అవతల పక్కింటి మామ్మ దగ్గింది. అది జలుబు దగ్గు కాదు. అన్నీ వినబడుతున్నాయి, కానివ్వండి అని చెప్పే దగ్గు. దాంతో పెరట్లో మొగుడూ పెళ్లాం ఒక్కసారే నోళ్లు మూసుకున్నారు.

వీధిలో అందరూ ఆమెను దుప్పట్ల పిన్ని అంటారు. సందు చివర చిన్న ఆసుపత్రి ఒకటి ఉంది, ఇరవై మంచాలది. దాని దుప్పట్లన్నీ పంతొమ్మిదేళ్లుగా ఈ పెరట్లోనే ఉతుకు పడి, ఈ తీగల మీదే ఆరి, ఈ వసారాలోనే మడతలు పడి తిరిగి వెళుతున్నాయి. ఆ పని ఆమెకు ఎవరూ పిలిచి ఇచ్చింది కాదు. వాళ్లమ్మకు కడుపులో కంతి తీసినప్పుడు తొమ్మిది రోజులు అక్కడే ఉంది. మూడో రోజున దుప్పటి మార్చడానికి వచ్చిన నర్సుతో, "ఇది ఉతికిన దుప్పటా, ఒళ్లు తుడుచుకున్న దుప్పటా?" అంది. నర్సుకు ఒళ్లు మండింది. "అంత చేతనైతే నువ్వే ఉతుకు," అని దుప్పటి తెచ్చి ఒళ్లో పడేసింది. ఆమె దాన్ని ఇంటికి తీసుకెళ్లి, మర్నాడు పొద్దున తిరిగి పట్టుకొచ్చింది. నర్సు దాన్ని కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూసి, వెళ్లి మేనేజరును పిలుచుకొచ్చింది.

అప్పటికే మగ్గాల మిల్లు మూతపడి మూడేళ్లు. ఆమె మొగుడు అక్కడ యంత్రాలకు నూనె పోసే పని చేసేవాడు. మిల్లు పోయాక ఇంకో చోట కుదురుకోలేదు. వీధిలో ఎవరి ఫ్యాను తిరక్కపోయినా, ఎవరి సైకిలు కదలకపోయినా ఆయనే వెళ్లి విప్పేవాడు. విప్పడం బాగానే వచ్చు. బిగించాక రెండు మరలు మిగిలేవి. అందుకే ఇంజనీరు అని పేరు పెట్టారు. వెక్కిరింపు అని తెలిసినా ఆయన ఆ పిలుపుకు పలికేవాడు.

అయితే ఒక్క పనిలో మాత్రం ఆయన్ని ఎవరూ వెక్కిరించడానికి లేదు. పెరట్లో ఈ బావి ఆయనే తవ్వాడు. మిల్లు సమ్మెలో ఉన్న ఏడాది, కూలి మనిషిని పెట్టకుండా, తోటి పనివాడు ఒకడు పైన గంప లాగుతుంటే తానే దిగి తవ్వాడు. పద్దెనిమిదో అడుగున ఊట కనబడింది. ఇరవై ఎనిమిదో అడుగున గునపం రాయికి తగిలి ఎగిరి పడింది. అక్కడ ఆపి, సిమెంటు ఒరలు ఒకదాని మీద ఒకటి దించాడు. తల నిండా బురదతో పైకి వచ్చి, నోట్లోకి పోయిన మట్టిని ఉమ్మేసి, ఆమెను చూసి పగలబడి నవ్వాడు. ఆయన అట్లా నవ్వడం ఆమె అంతకు ముందు చూడలేదు. తర్వాతా పెద్దగా చూడలేదు.

ఆ బావి నీళ్లు మెత్తన. సబ్బు ఇట్టే నురుగు వచ్చేది. ఆమె దుప్పట్ల తెలుపులో సగం ఆ నీళ్లదేనని ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ మాట ఆయన రోజుకు ఒక్కసారైనా అనకుండా ఉండేవాడు కాదు.

ఇప్పుడు ఆ బావి పక్కన సిమెంటు దిమ్మ మీద మోటారు గురక పెడుతోంది. నీళ్లు మాత్రం రావడం లేదు.

నిజానికి ఇది ఈ రోజు మొదలైంది కాదు. మొదట్లో పొద్దున్నే రెండు చెంబులు పోసి మీట నొక్కితే పైపు పట్టుకునేది. తర్వాత అర బకెట్టు కావలసి వచ్చింది. తర్వాత బకెట్టు. పోయడం ఆయన పని, ఈ రోజు తొందరలో ఆమె బకెట్టు అందుకునేదాకా ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మంచి నీళ్లు మోటారుకు పోయడం దండగ అని, ఆమె చివరి జాడింపు తొట్టిలో మిగిలిన నీళ్లు పక్కన తీసిపెట్టేది. దుప్పట్లకు నీలిమందు పెట్టిన నీళ్లు అవి. ఆయన వాటినే పైపులో పోసేవాడు. ఇద్దరికీ అది పొదుపుగానే తోచింది.

వచ్చే నీళ్లు తగ్గుతున్నాయని ఆమెకు తెలియకపోలేదు. మూడు జాడింపులు రెండయ్యాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కిందటి వారం మేనేజరు ఒక దుప్పటి తిప్పి చూపించాడు. అంచున సన్నగా పసుపు చార. "ఏంటమ్మా ఇది? ఆలస్యం ఒకటి, మరక ఒకటి. పెద్ద రోడ్డు మీద మెషీన్ లాండ్రీ వాడు రోజూ వచ్చి కూర్చుంటున్నాడు. నేనే నీ మొహం చూసి ఆపుతున్నాను. శనివారం పొద్దున ఎనిమిదింటికి అరవై తెల్లగా రావాలి. రాలేదంటే ఇంక నా చేతిలో లేదు," అన్నాడు.

ఈ రోజు శుక్రవారం. రేపు ఎనిమిదింటికి ఇవ్వాల్సిన అరవై దుప్పట్లు మూడు తొట్లలో ఉన్నాయి. రెండు తొట్లు సబ్బు, ఒకటి బ్లీచింగు. సబ్బులో ఉన్నవి ఇంకాసేపు ఆగుతాయి. బ్లీచింగులో ఉన్నవి ఆగవు, గంట దాటితే బట్ట తినేస్తుంది.

మోటారు గురక ఒక్కసారిగా మారింది. గట్టిగా గుర్రుమని, ఆగి, కాలిన రబ్బరు వాసన కొట్టింది. ఆయన పరుగున వెళ్లి మీట ఆపాడు.

"చూశావా, నీ తొందరకి..."

"తమ్ముడికి ఫోను చేస్తున్నా."

ఆయన చేతిలో చెంబు అట్లాగే ఉంది. "వాడి ఊసెత్తావంటే..."

"ఎత్తాను. ఏం చేస్తావో చెయ్యి."

తమ్ముడు ఆమెకంటే పదేళ్లు చిన్న. ఆమె చంకనెత్తుకుని తిరిగిన పిల్లాడు. పంపుల మెకానిక్కు. రెండేళ్లుగా ఈ గడప తొక్కలేదు. అప్పుడు ఇదే దిమ్మ దగ్గర నిలబడి, "బావా, వెనకాల అయిదంతస్తుల బిల్డింగుకి బోరు దింపుతున్నారు. ఈ బావికి ఇంక ఎన్నాళ్లో ఆయుష్షు లేదు, ఇప్పుడే ఇంకో దారి చూసుకో," అన్నాడు. ఇంజనీరు ఆ మాటను తన ఆయుష్షు గురించి అన్నట్టే తీసుకున్నాడు. "నా బావికి దినం పెట్టడానికి వచ్చావా?" అని గేటు తెరిచి పట్టుకున్నాడు. అప్పటి నుంచీ అక్కా తమ్ముడూ కిరాణా కొట్టు ముందు కలుసుకుంటున్నారు.

అరగంటలో ట్రాలీ బండి గేటు ముందు ఆగింది. తమ్ముడు భుజాన సంచితో లోపలికి వచ్చి, అక్కను చూసి తలూపి, బావను చూడకుండా మోటారు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బాగున్నావా బావా?" అని అడిగాడు మోటారునే చూస్తూ.

"మోటారుని అడుగుతున్నావా, నన్నా?"

"ఎవరు ముందు పలికితే వాళ్లని."

గోడ అవతల మామ్మ ఈసారి దగ్గలేదు, నవ్వింది.

ఆమెకు నవ్వు రాలేదు. బ్లీచింగు తొట్టిలోంచి దుప్పట్లు ఒక్కొక్కటే తీసి, గట్టిగా పిండి, రాతి పలక మీద పేరుస్తోంది. ఇంట్లో ఉన్న మంచి నీళ్లు రెండు బిందెలు. వీధి కుళాయి పొద్దున వచ్చి పోయింది. ఆ రెండు బిందెలూ బ్లీచింగు బట్టల మీద సన్నగా కుమ్మరించింది. దేనికీ చాలలేదు. చేతులు మండుతున్నాయి.

తమ్ముడు ముందు టెస్టరు పెట్టి కరెంటు చూశాడు, సరిగ్గానే ఉంది. తర్వాత మోటారు పక్కన రేకు డబ్బా విప్పి, బొటనవేలంత కండెన్సరు బయటికి తీశాడు. దాని నెత్తి ఉబ్బి ఉంది.

"ఇదిగో, ఇది చచ్చింది. మోటారు తిరగడానికి మొదట తోపు కావాలి కదా. ఆ తోపు ఇచ్చేది ఇదే."

"నేనూ అదే అనుకున్నా," అన్నాడు ఇంజనీరు.

"అనుకుని ఊరుకున్నావా బావా?"

సంచిలోంచి కొత్తది తీసి బిగించాడు. మీట నొక్కగానే మోటారు సాఫీగా తిరిగింది. ఆమె తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చి కుళాయి కింద బకెట్టు పెట్టింది. పైపు ఒకసారి తుపుక్కుమని ఊరుకుంది.

"ఆగక్కా. ఇంకా ఉంది."

పంపు ముందు భాగం నాలుగు బోల్టులు విప్పి తెరిచాడు. లోపల నీళ్లు కారకుండా ఆపే నల్లటి సీలు ఉండాల్సిన చోట, కరిగి గట్టిపడిన ముద్ద ఉంది. దాన్ని స్క్రూడ్రైవరు మొనతో గీకి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఇది నీళ్లు లేకుండా తిరిగింది బావా. ఒక రోజు కాదు. ఎన్నాళ్ల నుంచి?"

ఇంజనీరు నీళ్లు నమిలాడు. "గాలి పట్టినప్పుడు కాసేపు తిరుగుతుంది. ఎవరింట్లో తిరగదు?"

కొత్త సీలు వేసేసరికి పన్నెండయింది. ఎండ దిమ్మ మీదికి వచ్చింది. ఆమె అందరికీ గ్లాసులో సగం సగం నీళ్లు పోసి ఇచ్చింది. పక్కింటి మామ్మ గోడ మీదుగా ఒక బిందె అందించింది. "మాకూ అంతేనే అమ్మా, ఇది తాగడానికి అట్టిపెట్టుకో, దుప్పట్ల మీద పోసెయ్యకు," అంది. ఆమె దాన్ని లోపల పెట్టి తలుపు వేసింది. లేకపోతే తన చేతులే ఊరుకోవని ఆమెకు తెలుసు.

నీళ్ల ట్యాంకరు వాడికి పొద్దుటే ఫోను చేసింది. మూడు రోజుల తర్వాత అన్నాడు. వచ్చినా ఆ నీళ్లలో సబ్బు నురుగు రాదు. ఒకసారి చూసింది. తెల్ల దుప్పటి ఇటుక రంగు తిరిగింది.

"ఇప్పుడు పైపు చూద్దాం," అన్నాడు తమ్ముడు. పైన రంధ్రంలోంచి నీళ్లు పోశాడు. నీళ్లు అంచు దాకా వచ్చి, నెమ్మదిగా కిందికి జారిపోయాయి. "కింద పైపు కొసనున్న ఫుట్ వాల్వు నీళ్లు నిలబెట్టడం లేదు. పైకి తీయాలి."

బావి మీద రేకు మూత ఉంది. ఆకులు పడుతున్నాయని కిందటేడు వేసవిలో ఇంజనీరే చేయించి, నాలుగు పక్కలా బోల్టులు బిగించాడు. పైపు దిగే చోట మాత్రం జానెడు తలుపు వదిలాడు. తమ్ముడు ఆ తలుపు తెరిచి, నల్ల పైపును రెండు చేతులతో లాగాడు. పైపు చుట్టలు చుట్టలుగా పైకి వచ్చింది. చివర వాల్వు వచ్చింది. దాని జల్లెడ కన్నాలన్నీ బంకమన్నుతో పూడిపోయి ఉన్నాయి.

తమ్ముడు ఆ మన్నును వేలితో తీసి చూశాడు. బావ వైపు చూశాడు. బావ వీధి వైపు చూస్తున్నాడు.

"అడుగున కూర్చున్నట్టుంది," అన్నాడు ఇంజనీరు అటే చూస్తూ. "ఒక మూర పైకి కట్టు. సరిపోతుంది."

"వాల్వు అడుక్కి ఎందుకు కూర్చుంటుంది బావా?"

"పైపు సాగి ఉంటుంది."

తమ్ముడు జల్లెడ కడిగి నీళ్లు దండగ చేయకుండా పాత గుడ్డతో తుడిచాడు. లోపల రబ్బరు బిళ్ల చీలి ఉంది, మార్చాడు. పైపు మళ్లీ దించి, మూర పైకి కట్టాడు.

"అక్కా, ఒక బకెట్టు నీళ్లు."

ఆమె నిన్నటి జాడింపు నీళ్లు మూలనున్న డ్రమ్ములోంచి ముంచి తెచ్చింది. తమ్ముడు పోశాడు. పైపు నిండింది, నీళ్లు అంచున నిలబడ్డాయి. ముగ్గురూ వంగి చూశారు. నీళ్లు కదల్లేదు.

"నిలబడింది," అన్నాడు తమ్ముడు.

"నిలబడదా మరి!" అన్నాడు ఇంజనీరు. గొంతులో జీవం వచ్చింది. "వాల్వేనే! నేను మొదటి నుంచీ అంటున్నది గాలి అని. గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? వాల్వు నుంచే వస్తుంది!"

ఆయనే వెళ్లి మీట నొక్కాడు. మోటారు తిరిగింది. కుళాయి దగ్గి, ఒక్కసారిగా పైపు నిండా నీళ్లు వచ్చి బకెట్టు అడుగున దబదబ పడ్డాయి. అరవై దుప్పట్లను ఆమె అప్పుడే కళ్లతో లెక్కగట్టేసింది. ఒక్కో జాడింపుకు ఎన్ని బకెట్లు, ఏవి ముందు, ఏ తీగ మీద ఏవి. పొద్దు పోయే లోపు జాడిస్తే తెల్లారేసరికి ఆరతాయి. తడి మిగిలితే ఇస్త్రీ పెట్టె ఉంది. అవుతుంది.

"చూడరా, చూడు! నా బావికి ఆయుష్షు లేదన్నావు!"

"అన్నాన్లే బావా. అప్పుడు నోరు జారాను."

బకెట్టు మూడొంతులు నిండాక ధార సన్నబడింది. ఉమ్మింది. ఆగింది. మోటారు ఖాళీగా అరవడం మొదలుపెట్టింది. తమ్ముడు చేయి చాపి ఆపాడు.

"ఇంకా కాస్త గాలి ఉంది," అన్నాడు ఇంజనీరు. "ఇంకో బకెట్టు పొయ్యి."

పోశారు. మీట నొక్కారు. మళ్లీ దబదబ వచ్చింది. మళ్లీ బకెట్టు నిండీ నిండకుండానే ఆగింది.

"ఇంకొక్కటి. ఈసారి చెంబుతో పోస్తాను, ఇటివ్వు."

ఆయన పోస్తున్నాడు. ఒక్కో చెంబూ వంచి, ఆగి, బుడగలు వచ్చేదాకా చూసి, మళ్లీ వంచుతున్నాడు. పసిపిల్లకు పాలు పట్టించినంత ఓపికగా పోస్తున్నాడు. ఆమె ఈసారి నల్ల బకెట్టు తీసేసి, దుప్పట్లు లెక్కపెట్టి వేసుకునే తెల్ల ప్లాస్టిక్ గాబు తెచ్చి కుళాయి కింద పెట్టింది. ఎందుకు మార్చిందో ఆమెకే సరిగ్గా తెలియదు. నల్ల బకెట్టులో నీళ్లు ఎట్లా ఉన్నా ఒకటే. తెల్ల గాబులో అట్లా కాదు.

నీళ్లు వచ్చాయి, ఆగాయి. గాబులో నీళ్లు కాసేపు ఊగి నిలకడగా ఆగాయి.

ఆమె ముందు చేయి ముంచింది. తర్వాత పక్కన పలక మీదున్న దుప్పటి కొస ముంచి, ఎండకు పట్టి చూసింది. పంతొమ్మిదేళ్లుగా ఆమె రోజూ చూసే రంగే అది. చివరి జాడింపులో, వేళ్ల సందుల్లోంచి కారేటప్పుడు తప్ప ఇంకెప్పుడూ కనబడనంత పలచటి నీలం.

"ఒరేయ్," అంది.

తమ్ముడు తలెత్తాడు.

"ఇవి బావి నీళ్లు కావురా. మనం పోసినవే. నేను నీలిమందు పెట్టినవే. పోసినవి పోసినట్టే పంపు తిరిగి ఇస్తోంది."

ఇంజనీరు చెంబు పట్టుకుని నిలబడ్డాడు. "నీలిమందేంటి? ఆకాశం నీడ పడి ఉంటుంది."

"ఆకాశం గుడ్డకి అంటుకుంటుందా?" అని ఆమె దుప్పటి కొస ఆయన ముందు పెట్టింది.

ఆయన దాన్ని చూడలేదు.

తమ్ముడు లేచి సంచిలోంచి పెద్ద పానా తీశాడు. మూత బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. మొదటిది రాలేదు. రెండో దాని మీద నూనె చుక్క వేశాడు.

"తీయొద్దు," అన్నాడు ఇంజనీరు.

"చూడాలి కదా బావా."

"మూత తీస్తే చెత్త పడుతుంది. తీయొద్దంటున్నానా?"

ఆ గొంతు ఆమెకు కొత్త. అరుపు కాదు, బతిమాలడం. ఆమె లోపలికి వెళ్లి గోడకున్న అద్దం తీసుకొచ్చింది. తమ్ముడు నాలుగు బోల్టులూ విప్పి, రేకు పక్కకు జరిపాడు. ఏడాదిగా మూసి ఉన్న బావిలోంచి పాత మట్టి వాసన వచ్చింది. చల్లదనం రాలేదు.

లోపల చీకటి. ఆమె అద్దాన్ని ఎండకు పట్టి, వెలుగును బావి గోడ మీదికి తిప్పింది. వెలుగు ముక్క ఒర తర్వాత ఒర దిగింది. పైన పాచి. తర్వాత ఎండిపోయిన పాచి. తర్వాత తెల్లటి ఉప్పు చారలు, ఒక దాని కింద ఒకటి, నీళ్లు దిగుతూ దిగుతూ ఆగిన చోటల్లా ఒకటి. అడుక్కి చేరాక వెలుగు ఒక్కచోట మాత్రం మెరిసింది. బురద మధ్యలో కంచమంత గుంట. దాని చుట్టూ మన్ను పగుళ్లిచ్చింది. గుంట పైన, గాలిలో, వాల్వు వేలాడుతోంది.

ఇంకెక్కడైనా మెరుస్తుందేమోనని ఆమె అద్దాన్ని అటూ ఇటూ తిప్పింది. వెలుగు గోడల మీద పిచ్చిగా తిరిగింది. తమ్ముడు అద్దం తీసుకుని కింద పెట్టాడు.

తాను చెప్పిందే జరిగిందని తమ్ముడు అనొచ్చు. అంటాడనే ఆమె చూసింది. అతను సంచిలో పానా పెట్టుకుని, చేతులు తుడుచుకుంటూ, "మోటారు బాగానే ఉందక్కా. ఇప్పుడు దాంట్లో ఏ లోపమూ లేదు," అన్నాడు.

ఆమె మొగుడి వైపు తిరిగింది.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"ఏం తెలుసు?"

"అడిగిన దానికి చెప్పు."

ఆయన దిమ్మ మీద కూర్చున్నాడు. చెంబు మోకాళ్ల మధ్య పెట్టుకుని, దాని అంచు మీద వేలు తిప్పుతూ ఉన్నాడు. "మూత వేసేటప్పుడే నీళ్లు మూడు ఒరలు దిగి ఉన్నాయి," అన్నాడు చివరికి. "మళ్లీ వానలకి పెరుగుతాయనుకున్నా. పెరగలేదు. ఆ తలుపులోంచి రాయి వేస్తే చప్పుడు వినబడేది. రెండు నెలల కిందట వేసినప్పుడు చప్పుడు మారింది. ఇంక వేయలేదు."

"మరి రోజూ నీళ్లు పోశావు కదా. తెలిసి ఎందుకు పోశావు?"

"పోస్తే ఏదో ఒకటి వచ్చేది కదే. రాత్రంతా ఊరినవి కొన్ని ఉండేవి. నువ్వు కూడా ఏమీ అనలేదు."

అది నిజం. ఆమె కూడా ఏమీ అనలేదు. మూడో జాడింపు మానేసిన రోజున ఆయనతో చెప్పి ఉంటే, ఆయన మూత సంగతి చెప్పేవాడేమో. చెప్పేవాడు కాదేమో.

"బోరు వేయిద్దాంరా," అంది తమ్ముడితో. "ఎట్లాగో ఒకలాగు చూద్దాం. ఆ మూలన చోటుంది."

"ఈ వీధిలో ఈ ఏడాది నాలుగు బోర్లకి వెళ్లానక్కా, మోటారు దింపాలని. నాలుగింటికీ దింపలేదు. ఆరొందల అడుగులకి కూడా దుమ్మే లేచింది. వెనకాల ఆ బిల్డింగు ఉంది చూడు, రెండేళ్ల కిందట బోరు వేసుకున్నది, దానికీ ఇప్పుడు ట్యాంకరే."

ఇంజనీరు లేచాడు. వసారా మూల నుంచి గునపం, మోకు తాడు తీసుకొచ్చాడు. మోకు నడుముకు చుట్టుకుని ముడి వేసుకున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"ఇంకో ఒర దించుతాను. నాలుగడుగులు తవ్వితే చాలు. పట్టుకోరా మోకు."

"బావా," అన్నాడు తమ్ముడు. రెండేళ్ల తర్వాత మొదటిసారి సూటిగా ఆయన మొహంలోకి చూశాడు. "అడుగున రాయి కదా. గునపం ఎగిరి పడిందని నువ్వే కదా చెప్పేవాడివి. నా పెళ్లిలో కూడా అందరినీ కూర్చోబెట్టి చెప్పావు."

ఇంజనీరు మోకు వదల్లేదు. తమ్ముడు వెళ్లి ఆయన చేతిలోంచి గునపం తీసుకుని గోడకు ఆనించాడు. మోకు ఆయన నడుముకు అట్లాగే వేలాడుతోంది. ఆయన దాన్ని విప్పుకోకుండా మళ్లీ దిమ్మ మీద కూర్చున్నాడు. గోడ అవతల చప్పుడు లేదు.

మూడు గంటలు దాటింది. ఆమె తొట్ల దగ్గరికి వెళ్లింది. సబ్బు నీళ్లు బూడిద రంగు తిరిగి, పైన పొర కట్టాయి. ఒక దుప్పటి పైకి తీసి, ఎండకు పట్టి చూసింది. మూల ఎర్రదారంతో కుట్టిన ఆసుపత్రి గుర్తు దగ్గర, ఆమె పొద్దున ఉప్పు రాసి తోమిన రక్తపు మరక వదిలింది. మిగతా అంతా సబ్బు. బ్లీచింగు నుంచి తీసిన వాటిలో ఒకదాన్ని రెండు చేతులతో పట్టి కాస్త లాగింది. పర్ర్‌మని నూలు తెగింది. రెండోదీ లాగబోయి మానేసింది.

"నీ బండిలో ఎన్ని పడతాయిరా?"

"తడివా? పిండితే ముప్ఫై. రెండుసార్లు తిప్పాలి. ఎక్కడికి?"

"పెద్ద రోడ్డు మీదికి. మెషీన్ లాండ్రీకి. వాడి దగ్గర నీళ్లున్నాయా?"

"పొలాల నుంచి సొంత ట్యాంకర్లు తిప్పుకుంటున్నాడు. ఉంటాయి. కానీ వాడు నీ దుప్పట్లు..."

"నా దుప్పట్లు కాదు. ఆసుపత్రివి. జాడించి ఆరబెట్టమను చాలు."

ఇద్దరూ చెరో కొస పట్టుకుని పిండడం మొదలుపెట్టారు. తమ్ముడికి ఆ పని కొత్త. అక్క కుడికి తిప్పితే తానూ కుడికే తిప్పాలని, ఎదురుగా ఉన్న మనిషికి అది ఎడమ అవుతుందని, మొదటి నాలుగు దుప్పట్లదాకా తెలియలేదు. పంతొమ్మిదేళ్లుగా ఆ రెండో కొస పట్టుకున్నది ఇంజనీరు. ఆయన కూర్చున్న చోటు నుంచి చూస్తున్నాడు. అయిదోదానికి లేచి వచ్చాడు. తమ్ముడి చేతిలోంచి కొస తీసుకుని తిప్పాడు. దుప్పటి మెలిబడి బిగిసింది. సబ్బు నురగ ఇద్దరి పాదాల మధ్య పడింది. మోకు కొస ఆ నురగలో తడుస్తోంది.

మొదటి ముప్ఫై బండిలోకి ఎక్కాయి. తమ్ముడు వెళ్లి వచ్చాడు.

"తీసుకున్నాడు. అంచులు పట్టి చూసి, ఇంత మెత్తగా చేత్తో ఎట్లా ఉతుకుతారని అడిగాడు. నిన్నొకసారి వచ్చి కనబడమన్నాడు."

రెండోసారి బండి నింపారు. పిండుతుంటే చిరిగినవి కూడా కలిపి అయిదింటిని ఆమె వేరుగా మూట కట్టింది. అవి ఏం చెప్పి తిరిగి ఇవ్వాలో ఆలోచించుకుంటూ మూట పైన ముడి మీద ముడి వేసింది.

తొట్లు వంచి నీళ్లు పారబోసింది. ఆ నీళ్లు పెరట్లో కాసేపు మెరిసి నేలలోకి ఇంకాయి. తీగలు ఖాళీగా ఉన్నాయి. పంతొమ్మిదేళ్లలో వాన రోజుల్లో తప్ప ఆ వేళకు తీగలు ఖాళీగా ఉన్నది లేదు. పక్కింటి మామ్మ గోడ పైనుంచి తల చాపింది. తెరిచి ఉన్న బావినీ, నడుముకు మోకుతో ఉన్న ఇంజనీరునూ చూసి, ఏదో అడగబోయి వెనక్కి వెళ్లింది.

అయిదింటికి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఆమె చేతులు చీర చెంగుకు తుడుచుకుని తీసుకుంది. ఇంజనీరు ఆమె మొహం చూస్తున్నాడు. తమ్ముడు బండి తాళం చేతిలో పట్టుకుని గేటు దగ్గర ఆగాడు.

"రేపటి సంగతి గుర్తుందా అమ్మా?" అన్నాడు మేనేజరు.

"గుర్తుంది సార్. ఎనిమిదింటికి యాభై అయిదు వస్తాయి. అయిదు నా చేతిలో పాడయ్యాయి. వచ్చేవి మెషీన్ లాండ్రీ నుంచి వస్తాయి. ఇంకో మాట సార్... సోమవారం నుంచి మా ఇంటికి దుప్పట్లు పంపకండి."